పటాన్‌చెరువు పరిశోధనలు – ఒక విమర్శ

ఒక విశ్వవిద్యాలయ వైద్యకేంద్రమున పరిశోధన చక్కగా సాగుచున్నదని చూపుటకు మూడు గుర్తులు చెప్పుట పరిపాటి. ఆ యేడు జరిగిన సదస్సులెన్ని, వచ్చిన గ్రాంటులెంత, దేశ విదేశ సంస్థలతో కుదిరిన ఒప్పందములెన్ని అను మూడు పట్టికలు వార్షిక నివేదికలో తప్పక ఉండును. ఆ కేంద్రమునకు పది మైళ్ల లోపల నివసించు జనుల వ్యాధులను గురించి ఆ సదస్సులలో ఎన్ని ప్రశ్నలు పుట్టినవి, ఎన్నింటికి జవాబు దొరికినది అను నాల్గవ పట్టిక మాత్రము ఎచ్చటను కనిపించదు. ఈ లోపము చిన్నదేమో అనుకొనువారు సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరువు ప్రాంతమున గడచిన ఇరువది యేండ్లుగా జరిగిన పరిశోధనల కథను ఒకసారి చూడవలెను.

ఈ ప్రాంతమున విజ్ఞానమునకు కొదువ లేదు. పటాన్‌చెరువు మండలములోని ఇంద్రేశమువంటి ఊరి నుండి బయలుదేరిన వానికి ఒక గంట ప్రయాణములోపల 1972లో నెలకొన్న అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ కలదు. 2008లో ఆరంభమై పిదప కందికి తరలిన హైదరాబాదు ఐ.ఐ.టి. కలదు, ప్రైవేటు వైద్య కళాశాలలు కలవు, 2022లో సంగారెడ్డిలో తెరచిన ప్రభుత్వ వైద్య కళాశాల కలదు. వీటన్నింటి నడుమ పదుల సంఖ్యలో మందుల కర్మాగారములు ఉన్నవి. ఇక్కడ తయారగునవి బిళ్లలు, సీసాలు కావు. ఆ బిళ్లలలోనికి పోవు అసలు ద్రవ్యము, వ్యాపారభాషలో ‘బల్క్ డ్రగ్’ అనబడునది, ఇక్కడ పీపాలలో తయారగును. ఇది ప్రపంచము నలుమూలలకు ఎగుమతి యగుచున్నది.

ఈ పరిశ్రమ ఇక్కడికి ఎట్లు వచ్చినదో తెలిసికొనుట అవసరము. 1961లో ఏర్పడిన ఐ.డి.పి.ఎల్. అను ప్రభుత్వరంగ సంస్థ సోవియట్ సహాయముతో హైదరాబాదులో సింథటిక్ మందుల కర్మాగారమును నెలకొల్పెను. రసాయన శాస్త్రము చదివిన యువకులకు అది పెద్ద బడియైనది. 1970 నాటి పేటెంటు చట్టము మందుపై గాక మందును తయారుచేయు పద్ధతిపైననే హక్కునిచ్చినందున, వేరొక పద్ధతిలో అదే మందును చౌకగా తయారుచేయుట న్యాయసమ్మతమైనది. వెనుకబడిన జిల్లాగా నాటి మెదక్‌కు లభించిన రాయితీలు కర్మాగారములను ఆకర్షించినవి. పేదవానికి మందు అందుబాటులోనికి వచ్చుట ఈ మార్పు వలననే యనుటలో అతిశయోక్తి లేదు. యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల 1948లో ఆరియోమైసిన్‌ను లోకమునకు అందించినదని తెలుగువారు గర్వముతో చెప్పుకొందురు. అర్ధ శతాబ్ది తిరుగునప్పటికి అట్టి మందులు తెలుగునేలపైననే టన్నుల లెక్కన తయారగుచుండెను. మందుతోపాటు దాని కడుగునీరు కూడ ఈ నేలపైననే మిగిలిపోయినది.

ఆ కడుగునీటిని శుద్ధిచేయుటకు పటాన్‌చెరువులో ఒక ఉమ్మడి కేంద్రము 1994లో ఏర్పడెను. సుమారు 90 కర్మాగారముల నీరు లారీల మీద అచ్చటికి చేరుచుండెను. శుద్ధి యైన నీరు ఇసుకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరలో కలియుచుండెను. 2006 నవంబరులో స్వీడన్ దేశపు గోటెన్‌బర్గ్ విశ్వవిద్యాలయమునకు చెందిన యోకిమ్ లార్సన్, ఆయన సహచరులిద్దరు ఆ శుద్ధి యైన నీటి మచ్చులను రెండు రోజులు వరుసగా సేకరించి పరీక్షించిరి. 2007లో వెలువడిన వారి వ్యాసము ఈ రంగమున ఒక మలుపు. వెదకిన 59 మందులలో 21 మందులు లీటరుకు ఒక మైక్రోగ్రామునకు మించి కనబడినవి. వానిలో సిప్రోఫ్లాక్ససిన్ అను యాంటీబయోటిక్ మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నది.

ఈ అంకె యెంత పెద్దదో గ్రహించుటకు ఒక చిన్న పోలిక చాలును. 500 మిల్లీగ్రాముల బిళ్ల మ్రింగిన రోగి రక్తములో ఆ మందు అత్యధికముగా ఉన్నపుడు లీటరుకు రెండు మూడు మిల్లీగ్రాములు మాత్రమే యుండును. అనగా వ్యాధిగ్రస్తుని రక్తములోకంటె కాలువ నీటిలో మందు పదిరెట్లు అధికముగా ఉన్నదన్నమాట. దినమునకు వదలబడు నీటిని బట్టి లెక్కగట్టగా సుమారు 45 కిలోగ్రాముల మందు ప్రతి దినము పోవుచున్నదని తేలినది. నాడు 90 లక్షల జనాభా గల స్వీడన్ దేశమంతయు అయిదు దినములలో వాడుచుండిన మందు అది. బిళ్లలుగా చేసినచో తొంబదివేల బిళ్లలు. పర్యావరణమున ఆ మందు లీటరుకు 0.064 మైక్రోగ్రాములు మించినచో నిరోధకతగల బాక్టీరియా పెరుగుటకు వీలు కలుగవచ్చునని 2016లో అదే బృందము అంచనా వేసెను. ఆ కొలతతో చూచిన ఈ నీటిలోని మందు నాలుగు లక్షల రెట్లు మించినది!

దీని తరువాత వరుసగా వ్యాసములు వచ్చినవి. 2009లో యెర్కర్ ఫిక్ మొదలగువారు చెరువులను, గ్రామముల బావులను పరీక్షించి, ఒక చెరువులో లీటరుకు ఆరు మిల్లీగ్రాములకు మించి సిప్రోఫ్లాక్ససిన్ ఉన్నట్లును, బావులలో సైతము మందుల జాడలు ఉన్నట్లును చూపిరి. 2011లో నది అడుగు బురదలోని బాక్టీరియాల జన్యువులను చదివి, ఒక బాక్టీరియా నుండి మరొక దానికి నిరోధకతను మోసుకొనిపోవు జన్యుభాగములు అచ్చట విస్తారముగా ఉన్నవని నిరూపించిరి. 2013లో పూనా శాస్త్రజ్ఞులతో కలసి చేసిన పనిలో శుద్ధికేంద్రము నుండి వేరుచేసిన 93 బాక్టీరియా రకములలో నూటికి 86 రకములు, పరీక్షించిన 39 మందులలో ఇరువదింటికి గాని అంతకు మించి గాని లొంగలేదు. 2014లో కాజీపల్లి చెరువు వంతు వచ్చినది. 2017లో జర్మనీలోని లైప్‌జిగ్ వైద్యులు, టెలివిజన్ విలేఖరులతో కలసి 28 చోట్ల సేకరించిన మచ్చులన్నింటిలోను యాంటీబయోటిక్ గాని, బూజును చంపు మందులు గాని కనుగొనిరి.

ఈ పరిశోధనల శాస్త్రీయ నాణ్యతను శంకింప పనిలేదు. నది ఎగువ భాగముతో దిగువ భాగమును పోల్చుట, స్వీడన్‌లోని శుద్ధికేంద్రమును పోలికకు తీసికొనుట, అంకెలను దాచక ప్రకటించుట, ఇవి అన్నియు మెచ్చదగినవి. జనులు మ్రింగిన మందుల వలననే నీరు కలుషితమగునని అంతవరకు సాగిన నమ్మకమును తలక్రిందులు చేసి, తయారీస్థలమే మూలము కావచ్చునని చూపినది పటాన్‌చెరువు నీరే. స్థానికులు ఊరకుండిరని చెప్పుట కూడ అన్యాయమగును. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు చెందిన గోవిల్ మొదలగువారు 2001లోనే ఇక్కడి మట్టిలో చేరిన భారలోహములను కొలిచి ప్రకటించిరి. అంతకు ముందే, పటాన్‌చెరువులో వైద్యము చేయుచుండిన డాక్టర్ అల్లాని కిషన్ రావు గారు తమ రోగులలో చూచిన దానిని బట్టి నీటిని గురించి గొంతెత్తి, దశాబ్దముల తరబడి పోరాడిరి. 1990లో సుప్రీంకోర్టుకు వెళ్లిన వ్యాజ్యము చేతులు మారి 2017లో గ్రీన్ ట్రిబ్యునలు తీర్పు వరకు సాగినది. ఈ కథలో మొట్టమొదటి పరిశీలకుడు ఒక వైద్యుడే యనుట గుర్తుంచుకోదగిన విషయము.

అట్లయినచో విమర్శ దేనికి? పైన చెప్పిన వ్యాసములన్నింటిని ఒకచోట పెట్టి చదివినవానికి ఒక వింత కనబడును. నీరున్నది, బురదయున్నది, బాక్టీరియా యున్నది. మనిషి లేడు. ఆ ఆరింటిలో ఏ ఒక్కదానిలోను గ్రామస్థుని పేగులలో ఏ బాక్టీరియా ఉన్నదో చూడలేదు. ఆసుపత్రిలో చేరిన రోగికి ఏ మందు పనిచేసినదో, ఏది పనిచేయలేదో విచారింపలేదు. 2004లో గ్రీన్‌పీస్ సంస్థ జరిపిన ఆరోగ్య సర్వే జనుల గడప తొక్కినది నిజమే. కాని అది వ్యాధుల సర్వే; ఔషధ నిరోధకతను పరీక్షించినది కాదు.

ఈ లోటు ఏమంత ముఖ్యమా అని కొందరు అడుగవచ్చును. నీటిలో నిరోధకత యున్నచో మనిషికి రాకుండునా అను వాదము వినసొంపుగానే యుండును. కాని విజ్ఞానశాస్త్రము అంత తేలికగా ఒప్పుకొనదు. ఇంద్రేశములోని ఒక ఇల్లాలికి మూత్రకోశమున మంట పుట్టినదనుకొందము. వైద్యుడు సిప్రోఫ్లాక్ససిన్ ఇచ్చెను, గుణము కనబడలేదు. ఆమె శరీరములోని ఇ. కోలై ఆ మందునకు ఎట్లు అలవాటు పడినది? వాగునీటి వలననా? గత సంవత్సరము జ్వరము వచ్చినపుడు మందుల దుకాణములో చీటి లేక కొనుక్కున్న బిళ్లల వలననా? కోళ్లకు పెట్టిన మందు వలననా? ఇంటింటి మురుగు కలిసిన గుంట వలననా? ఈ దేశమున వాగు లేని ఊళ్లలోను ఇ. కోలైలో చాలా భాగము ఈ మందునకు లొంగుట లేదు. కావున కాలువప్రక్క ఊరిలో నిరోధకత యున్నదని చూపుట చాలదు. దూరపు ఊరిలోకంటె ఎంత ఎక్కువో, ఏ జన్యువుతో ఎక్కువో చూపవలెను. 2017 నాటి లైప్‌జిగ్ పరిశీలన కూడ ఇచ్చటనే బలహీనపడినది. తీసిన మచ్చులలో నూటికి తొంబదియైదింటికి మించి ప్రమాదకర నిరోధక బాక్టీరియా ఉన్నదని వారు వ్రాసిరి. అట్టి బాక్టీరియా మనుష్యుల మురుగు నుండియు వచ్చును. కర్మాగారపు పాలెంత, మరుగుదొడ్డి పాలెంత అని విడదీయుటకు ఆ మచ్చులు చాలవు.

విడదీయగలది ఒక్కటే: నీటి లెక్కను రోగి లెక్కతో జోడించు పరిశోధన. వాగు ప్రక్కనున్న గ్రామములు కొన్ని, అదే విధముగా జీవించుచు వేరొక నీటిని వాడు గ్రామములు కొన్ని తీసికొని, ఇంటింట మలపరీక్ష చేసి, ఏయే మందులు వాడినదియు వ్రాసుకొని, వానకు ముందు ఒకసారి, వాన తరువాత ఒకసారి చూచి, అదే కాలమున ఆ ఊళ్లవారు చేరు ఆసుపత్రులలోని కల్చర్ పరీక్షల ఫలితములతో పోల్చవలెను. ఇందులో గోటెన్‌బర్గ్‌లో మాత్రమే సాధ్యమగు పని అల్పము. ఇంటింటికి తిరుగు ఆరోగ్య కార్యకర్తలు, ఆసుపత్రి రిజిస్టరు, గ్రామస్థుల భాష తెలిసినవారు కావలెను. ఇవి అన్నియు ఒక వైద్య కళాశాలకు సహజముగా ఉన్న ఆస్తులు.

మరి ఎందుకు జరుగలేదు? ఒక కారణము నియమములలోనే ఉన్నదని తోచును. విదేశీ సంస్థతో కలసి భారతదేశమున ఆరోగ్య పరిశోధన చేయవలెనన్న ఆరోగ్య మంత్రిత్వ శాఖ పరిశీలక సంఘము అనుమతి కావలెను. నైతిక సంఘము అనుమతి కావలెను. మానవ శరీరము నుండి తీసిన మచ్చు దేశము దాటుటకు వేరే నిబంధనలు కలవు. ఇవి మంచి నియమములే. మన జనులను ఎవరో వచ్చి ప్రయోగశాల ఎలుకలవలె వాడుకొనకుండ కాపాడుటకు ఏర్పడినవి. కాని వాగునీటి సీసాకు ఇన్ని తలుపులు లేవు. ఫలితముగా దూరదేశపు పరిశోధకుడు తేలికగా తెరచుకొను తలుపునే తట్టెను. మనిషిని పరీక్షించు తలుపు తాళపుచెవి స్థానిక వైద్య విద్యాలయముల చేతిలో ఉన్నది. సహకారమనగా ఆ చెవిని వాడుటయే గాని, ఒప్పందముపై సంతకములు చేసి ఛాయాచిత్రము తీయించుకొనుట కాదు.

రెండవ కారణము సదస్సుల తీరు. వైద్యులు తమ రిజిస్ట్రేషను నిలుపుకొనుటకు కొన్ని గంటల సదస్సులకు హాజరు కావలెనను నియమము మంచిదే. కాని హాజరు పట్టీ నిండినంత మాత్రమున ప్రశ్న పుట్టదు. మందుల కంపెనీల ధనముతో జరుగు సదస్సులో మందు గుణములు చర్చకు వచ్చునే గాని, ఆ మందు కడుగునీరు ఎచ్చటికి పోవుచున్నదను ప్రశ్న రాదు. ఎవరును కుట్ర చేయనక్కరలేదు. ఖర్చు పెట్టువాడు కూర్చున్న గదిలో కొన్ని మాటలు తమంత తామే నాలుక చివర ఆగును. 2024లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన ఔషధ వ్యాపార నియమావళి బహుమతులను, విహారయాత్రలను అరికట్టుటకు పూనుకొనినది. అది ప్రలోభమును ఆపవచ్చును గాని, రావలసిన ప్రశ్నను పుట్టింపజాలదు.

ఇంకొక ఆస్తి వృథా యగుచున్నది. ప్రతి ఎం.డి., ఎం.ఎస్. విద్యార్థియు ఒక పరిశోధనా వ్యాసము వ్రాసితీరవలెను. ఆ వ్యాసములలో మంచివి లేకపోలేదు. కాని ఒకడు వంద రోగులను, మరియొకడు ఎనుబది రోగులను, ఒకరితో నొకరికి సంబంధము లేక పరీక్షించి, పట్టా చేతికి రాగానే ఆ కట్టలను బీరువాలో పెట్టుట అలవాటైనది. పది సంవత్సరములపాటు ఒకే ప్రాంతపు ఒకే ప్రశ్నను వరుసగా పదిమంది విద్యార్థులకు పంచియిచ్చినచో, గ్రాంటు లేకయే ఒక అమూల్యమైన లెక్క తయారగును. దీనికి కావలసినది సొమ్ము కాదు, ఒక ప్రొఫెసరు పట్టుదల.

ఇట్టి పట్టుదల ఈ నేలపై లేనిది కాదు. 1958లో కూనూరు నుండి హైదరాబాదునకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాల, నేటి జాతీయ పోషకాహార సంస్థ, చేసిన పని ఇందుకు సాక్షి. మొక్కజొన్న తినువారికి పెల్లాగ్రా వ్యాధి వచ్చునని ప్రపంచమెరుగును; మెడచుట్టు, చేతులపై చర్మము నల్లబడి పొలుసులు లేచును, మతి చలించును. దక్కనులో మొక్కజొన్న గాక జొన్న తినువారు ఈ వ్యాధితో హైదరాబాదు ఆసుపత్రులకు వచ్చుచుండిరి. పుస్తకములో లేని ఈ సంగతిని గోపాలన్, శ్రీకాంతయ్యలు నిర్లక్ష్యము చేయలేదు. జొన్నలో లూసిన్ అను ఎమినో ఆమ్లము అధికముగా ఉండుటయే కారణము కావచ్చునని 1960లో లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. ఆ సిద్ధాంతము పిదప చాలా వాదములకు గురియైనది. అన్ని ప్రయోగశాలలలోను అది నిలువలేదు. దాని గొప్పతనము ఒప్పా తప్పా యనుటలో లేదు. మంచముపైనున్న రోగి నుండి ప్రశ్న పుట్టినది. ప్రయోగశాల దానిని అందుకొన్నది. విదేశములవారు తరువాత వచ్చి పరీక్షించిరి. పటాన్‌చెరువులో ఈ వరుస తలక్రిందులైనది. విదేశములవారు ముందు వచ్చిరి, రోగి చివరకును రాలేదు.

ఇక ధనము మాట. 2023 నాటి చట్టముతో ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థకు అయిదేండ్లలో 50,000 కోట్ల రూపాయలు సమకూరునని అనుకొనిరి. అందులో సుమారు 36,000 కోట్లు ప్రభుత్వేతర మూలముల నుండి రావలెనట. కంపెనీల చట్టము ప్రకారము పెద్ద కంపెనీలు తమ లాభములో నూటికి రెండు వంతులు సామాజిక బాధ్యతకై వెచ్చింపవలెను. ఆ సొమ్మును ప్రభుత్వ విశ్వవిద్యాలయముల పరిశోధనకును ఇయ్యవచ్చును. పటాన్‌చెరువువంటి చోట ఈ సొమ్మునకు లోటుండదు. కాని మందుల కంపెనీ నేరుగా ఇచ్చిన గ్రాంటుతో ఆ కంపెనీ మురుగునీటిని పరిశోధించిన ఫలితమును ఎవరు నమ్ముదురు? ఈ చిక్కునకు పరిష్కారము ఆ మండలములోనే ఉన్నది. ఇక్రిశాట్ ఏ ఒక్క దేశపు సొమ్ముతోను బ్రతుకుట లేదు. 1971లో ఏర్పడిన అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధన సలహా కూటమి ద్వారా ఎందరో దాతల సొమ్ము దానికి చేరును. అట్లే కర్మాగారముల సొమ్మును ఒక ఉమ్మడి నిధిలో వేసి, ప్రశ్నను ఎన్నుకొను అధికారము దాతకు లేకుండ చేయుట అసాధ్యము కాదు.

మేలుకొలుపు సూచనలు కొన్ని లేకపోలేదు. మందుల తయారీ వ్యర్థముల వలన కలుగు నిరోధకతపై భారత జీవసాంకేతిక శాఖ, బ్రిటన్ పరిశోధన మండలులు కలసి 2020 తరువాత కొన్ని పథకములకు ధనమిచ్చినవి. మూసీనది వాటిలో ఒకదానికి ప్రయోగక్షేత్రమైనది, హైదరాబాదు ఐ.ఐ.టి. ఇంజనీర్లు ఆ నదిని గురించి విలువైన లెక్కలు చేయుచున్నారు. పటాన్‌చెరువు శుద్ధికేంద్రపు నీరు గొట్టపుమార్గమున అంబర్‌పేటకు, అక్కడినుండి మూసీలోనికి మళ్లింపబడినది గనుక నదిని వెదకుట సమంజసమే. అయినను ఇది మరల నది పరిశోధనయే.

మనిషి లెక్క లేకపోవుట వలన నష్టము పుస్తకములకే పరిమితము కాదు. కేంద్ర ప్రభుత్వము 2020 జనవరిలో, మందుల కర్మాగారపు నీటిలో 121 యాంటీబయోటిక్‌లకు హద్దులు విధించుచు ఒక ముసాయిదాను ప్రకటించెను. అట్టి హద్దులు ప్రపంచమున ఎచ్చటను లేవని పలువురు మెచ్చుకొనిరి. 2021 ఆగస్టులో వచ్చిన తుది ఉత్తర్వులో ఆ హద్దులు కనబడలేదు. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ విషయమై మార్గదర్శక సూత్రములు వెలువరించినది. అవి సలహాలే గాని చట్టము కాదు. హద్దు కావలెనని వాదించు శాస్త్రజ్ఞుని చేతిలో బాక్టీరియా లెక్క యున్నది. దాని వలన ఇన్ని ఊళ్లలో ఇంతమందికి ఇన్ని దినములు వ్యాధి పొడిగినదని చూపు కాగితము లేదు. ఎదుటివాదికి అదే చాలును.

ఇందుకు ఆలస్యము కూడ తగదు. ఆసుపత్రి ప్రయోగశాలలలో రోగి నుండి వేరుచేసిన బాక్టీరియాను, రిపోర్టు వ్రాసిన కొలది దినములకు పారవేయుట సాధారణము. మైనస్ 80 డిగ్రీల శీతలపేటిక ఒకటి, సీసాపై ఊరిపేరు, తేదీ వ్రాయు గుమాస్తా ఒకడు ఉన్నచో వానిని దశాబ్దములు నిలువచేయవచ్చును. లార్సన్ బృందము 2006 నవంబరులో నింపిన సీసాలలోని నీటి లెక్క నేటికిని నిలిచియున్నది. ఆ నెలలో నక్కవాగు గట్టున నివసించినవారి పేగులలో ఏమి పెరుగుచుండెనో తెలిసికొను మార్గము ఇప్పుడు ఎవ్వరికిని లేదు.